తిరువొత్తియూరు గేటు ముందు

నాన్నగారి పాత బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. ఆ బండి పుట్టిన చోటును చూడాలన్న కోరికతో నిన్న ఉత్తర చెన్నైలోని తిరువొత్తియూరు వెళ్ళి, రాయల్ ఎన్‌ఫీల్డ్ కర్మాగారం గేటు ముందు చాలాసేపు నిలబడ్డాను.

ఇంగ్లండులో కుట్టుసూదులకు పేరుపొందిన రెడ్డిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, భారత సైన్యం కోసం ప్రభుత్వం 350 సీసీ బుల్లెట్లను కొనడం మొదలుపెట్టిన తరువాత, 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించింది. మొదట ఓడల్లో వచ్చిన విడిభాగాలను ఇక్కడ బిగించేవారు. 1956 చివరికి తయారైనవి 163 బండ్లే. తరువాత అచ్చులు, పనిముట్లు కూడా మద్రాసు చేరాయి, 1960ల తొలినాళ్ళకు భాగాలన్నీ ఇక్కడే తయారుకాసాగాయి. నా దృష్టిలో ఈ చరిత్రకు ప్రాణం అదే, ఎందుకంటే బిగించడం నేర్చిన చేతులు పోతపోయడం, చెక్కడం, కొలవడం కూడా నేర్చుకోకపోయి ఉంటే, 1967లో రెడ్డిచ్ కర్మాగారం, 1970లో బ్రిటన్‌లోని చివరి యూనిట్ మూతపడినప్పుడే బుల్లెట్ కథ ముగిసిపోయేది. పెట్రోలు ట్యాంకుపై బంగారు గీతలను చేత్తోనే గీసే పనివాళ్ళు కూడా ఇక్కడివారే (ఆ గీతను చిన్నప్పుడు వేలితో తడిమేవాణ్ణి).

1977లో ఈ మద్రాసు బుల్లెట్లే బ్రిటన్‌కు ఎగుమతి అయ్యాయి. ఆ మాట నాన్నగారికి చెప్పగలిగి ఉంటే ఎంత బాగుండేదో!