మీటరు సున్నా అంటోంది, నత్తలు మాత్రం జారిపోతున్నాయి

ఏప్రిల్ 18

తెల్లవారి లైట్లు వేయకముందే ఇంట్లోని ఉప్పునీటి చేపల తొట్టె ముందు కూర్చోవడం నాకు అలవాటు. ఇవాళ అద్దానికి అతుక్కుని ఉండవలసిన నత్తల్లో నాలుగు ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాయి. ఒకదాన్ని తీసి అద్దానికి ఆనించాను. పాదం సగం బయటికి చాచింది, పట్టు చిక్కలేదు, మెల్లగా జారిపోయింది. మూడు రోజుల క్రితం కుబుసం విడుస్తూ రొయ్య చనిపోతే పెద్దగా పట్టించుకోలేదు. కుబుసం వేళ ఒకటీ అరా పోవడం భీమవరంలో పుట్టినవాడికి కొత్త కాదు. నత్తలు కూడా అంటే వేరే సంగతి.

తొట్టె నాలుగడుగులది, కింద వడపోతకు సంపు, మొత్తం నీళ్ళు 300 లీటర్లు. రెండు క్లౌన్ చేపలు, పగడాల బంధువులైన మెత్తటి ప్రాణులు మష్రూమ్‌లు, జోయాంతిడ్‌లు. రాతి పగడాలు పెట్టలేదు. అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి, అమ్మేవాళ్ళు ఎన్ని కబుర్లు చెప్పినా సరే. సముద్రం దగ్గరే అయినా ఆ నీళ్ళు తేను. నదీముఖాల దగ్గర ఉప్పదనం ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదు, పైగా ఇక్కడి చెరువుల నీళ్ళు డ్రైన్ల మీదుగా చివరికి చేరేది అక్కడికే. కుళాయి నీళ్ళను ఆర్.ఓ. ఫిల్టరులో వడకట్టి ఉప్పు కలుపుకుంటాను.

నీళ్ళ పరీక్షల్లో తప్పేమీ దొరకలేదు. అమ్మోనియా సున్నా. నైట్రేట్ 10, ఫాస్ఫేట్ 0.05, ఆల్కలినిటీ 8. ఉప్పదనం వెయ్యికి 35, అది కొలిచే రిఫ్రాక్టోమీటరును 35 ద్రావణంతో సరిచూసుకున్నాకే కొలిచాను. చేపలు మాత్రం ఏమీ ఎరగనట్టు మేత కోసం అద్దం దగ్గరికి వస్తున్నాయి.

ఏప్రిల్ 20

వేసవి కదా, కాలువలు కట్టేశారు. కుళాయికి నిల్వ చెరువు నీళ్ళు వస్తున్నాయి, క్లోరిన్ వాసన గుప్పుమంటోంది. దొంగ దొరికాడనుకున్నాను. క్లోరిన్‌ను చూపే ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే కుళాయి నీళ్ళు చిక్కటి పసుపుకు తిరిగాయి, ఫిల్టరు దాటిన నీళ్ళకు రంగే లేదు. కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు కుళాయి దగ్గర 410, ఫిల్టరులోని మెంబ్రేన్ తర్వాత 14, మిగిలిన లవణాలను పట్టే రెసిన్ తర్వాత 0. అయినా అనుమానం తీరక కార్బన్ గుళిక మార్చాను. డబ్బు దండగ.

ఏప్రిల్ 21

అద్దం తుడిచే అయస్కాంతం ప్లాస్టిక్ పగిలి లోపల తుప్పు పట్టింది, పారేశాను. ఎయిర్ పంపు పక్కనే దోమల చక్రం వెలిగిస్తున్నారని ఇవాళే గమనించాను. ఆ పంపు గదిలోని గాలిని నేరుగా నీళ్ళలోకి తోస్తుంది. చక్రం హాల్లోకి మారింది. ఇంట్లో ఈ విషయం మీద జరిగిన చర్చ ఇక్కడ రాయను. నత్తల్లో మార్పు లేదు, మష్రూమ్‌లు ముడుచుకుని గుండీల్లా ఉన్నాయి.

ఏప్రిల్ 23

మా బాబాయి ముప్పై ఏళ్ళుగా రొయ్యల చెరువులు చేస్తున్నాడు. నా తొట్టె ఆయనకు వేళాకోళం. ఇవాళ మాత్రం కుర్చీ లాక్కుని చూస్తూ, "చేప బాగుంది, రొయ్యా నత్తా పోయాయి. మైలుతుత్తం ఏమైనా వేశావురా?" అని అడిగాడు.

వేయలేదు. కానీ అడగవలసిన ప్రశ్న అదే. మైలుతుత్తం అంటే రాగి లవణం. చేప తట్టుకునే మోతాదులోనే రాగి వెన్నెముక లేని ప్రాణులను చంపుతుంది; అందుకే మందుగా వాడినా వేరే తొట్టెలో వాడాలంటారు. రాగి పరీక్ష కిట్టు తెచ్చి తొట్టె నీళ్ళు చూశాను. రంగు లేదు. అయితే ఆ కిట్టు లీటరుకు 0.25 మిల్లీగ్రాములకు తక్కువైతే చూపలేదు, నత్తకు అంతకంటే చాలా తక్కువే ఎక్కువ.

ఏప్రిల్ 24

తొట్టెలో కనిపించకపోతే తొట్టెలోకి వచ్చే దారిలో వెతకాలి. ఫిల్టరు నీళ్ళు, ఉప్పు కలిపిన బకెట్, ఫిల్టరు నీళ్ళు దాచే డ్రమ్ము, మూడు చోట్లా నీళ్ళు పట్టాను. డ్రమ్ము కుళాయి తిప్పి రాత్రంతా నిలిచిన మొదటి అరగ్లాసు పట్టి చుక్కలు వేస్తే రంగు తేలింది, చార్టు మీద 0.5. అదే డ్రమ్ములో పైనుంచి చెంబుతో ముంచిన నీళ్ళకు రంగు లేదు.

కుళాయి ఇత్తడిది. జనవరిలో ప్లాస్టిక్‌ది కారుతుంటే మేస్త్రి మార్చాడు. "ఇత్తడి వేస్తే మీ మనవల దాకా ఉంటుందండి" అన్నాడు, నేనూ సంతోషించాను. లవణాలన్నీ పోయిన నీళ్ళు ఆకలిగొన్నవి. ఇత్తడి తగిలితే అందులోని రాగిని, జింకును కరిగించుకుంటాయి. కుళాయి విప్పి చూస్తే లోపలి గొట్టంలో పచ్చటి చిలుము. ఇన్నాళ్ళూ నేను కొలిచింది ఫిల్టరు మూతి దగ్గర, పోసింది డ్రమ్ము కుళాయి నుంచి. అక్కడ కొలిచినా మీటరు సున్నానే చూపేది, అర మిల్లీగ్రాము దాని లెక్కలోకి రాదు.

జనవరిలో పెట్టినది ఏప్రిల్‌లో ఎందుకు కాటేసింది? చలికాలంలో రోజుకు రెండు లీటర్లు ఆవిరయ్యేవి. మార్చి నెలాఖరు నుంచి తొట్టె చల్లబడడానికి ఫ్యాన్లు పెట్టాను, ఆరు లీటర్లు పోతున్నాయి, అంతా డ్రమ్ము నుంచే పోస్తున్నాను. నీళ్ళు ఆవిరవుతాయి, రాగి కాదు. పోసిన నీళ్ళలో సగటున 0.2 ఉందనుకున్నా రోజుకు 1.2 మిల్లీగ్రాములు. పదిహేను రోజుల్లో 18, అంటే లీటరుకు 0.06. కొంత రాళ్ళు పీల్చుకుని ఉంటాయి. కాలువల కట్టివేత, ఫ్యాన్లు ఒకే నెలలో రావడంతో నేను కాలువ మీద పడ్డాను.

మే 3

ప్లాస్టిక్ కుళాయి వచ్చింది. ఇంతవరకు 60 లీటర్ల చొప్పున నాలుగుసార్లు నీళ్ళు మార్చాను, ఒక్కో విడతకు సుమారు రెండుంపావు కిలోల ఉప్పు. ఐదో వంతు చొప్పున నాలుగుసార్లు మార్చినా 41 శాతం మిగులుతుంది, కాబట్టి రాగిని పట్టే రెసిన్‌ను సంచిలో కట్టి నీళ్ళు వేగంగా పారే చోట పెట్టాను. సంచి మధ్యలో గింజలు నీలిపచ్చకు తిరుగుతున్నాయి. రాళ్ళు పీల్చుకున్నది నెమ్మదిగా వదులుతుంది, కనుక రెసిన్ ఇంకో రెండు నెలలు ఉండాలి. డ్రమ్ము లోపలి బిగింపు నట్టు కూడా ఇత్తడిదేనని మొదట చూసుకోలేదు. అది నిన్న తీశాను.

మే 19

మష్రూమ్‌లలో మూడు సగం విచ్చుకున్నాయి, ఒకటి కరిగిపోయింది. జోయాంతిడ్‌లు పూర్తిగా తెరుచుకున్నాయి. పరీక్షకు మూడు కొత్త నత్తలు వేశాను. రెండు రాత్రికల్లా అద్దం ఎక్కి పాచిలో వంకర దారులు గీశాయి. మూడోది గొట్టంలోంచి సంపులోకి దిగిపోయినట్టుంది, టార్చి పట్టుకుని రెండుసార్లు వెతికాను, ఇంకా చిక్కలేదు.