టవర్ అదే అన్నారు కదా, మరి నా ఫోన్ ఎందుకు తిరుగుతూ కూర్చుంది

ఈ పోస్ట్ రాయడానికి కారణం వైకుంఠ ఏకాదశి. మేం ఉండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో, ఆ రోజు తెల్లారకముందే గుడికి బయల్దేరాం, అయినా అప్పటికే పార్కింగ్ నిండిపోయింది, మా ఆయన నన్నూ పిల్లల్నీ అత్తయ్యగారినీ మావయ్యగారినీ గేటు దగ్గర దింపేసి కారు ఎక్కడో అర మైలు అవతల పెట్టడానికి వెళ్లారు. మేం ఏ లైన్లో ఉన్నామో చెబుదామని వాట్సాప్‌లో లొకేషన్ పెట్టా. చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. పైన చూస్తే సిగ్నల్ గీతలు నాలుక్కి నాలుగు, పక్కన 5జీ అని కూడా ఉంది, కానీ ఒక్క మెసేజ్ కదలట్లేదు. ఈలోపు మా ఆయన అదే జనంలో నడుచుకుంటూ వస్తూ గోపురం వీడియో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేశారట, ఒంగోల్లో మా ఆడపడుచు చూసి దండం బొమ్మ కూడా పెట్టిందట, నాకు మాత్రం అది ఇంటికొచ్చి పులిహోర తింటుంటే టింగుమంటూ వచ్చింది.

ఇంతకీ గుళ్లో ఏం చేశానంటే, విసుగొచ్చి మామూలు కాల్ చేశా. ఒక్క రింగుకే కలిసింది, గొంతు గంటలా వినిపించింది.

అక్కడ మొదలైంది నాకు బుర్రలో పురుగు తొలచడం. సిగ్నల్ ఉంది, కాల్ కలుస్తోంది, డేటా మాత్రం లేదు, పైగా ఆయన సిమ్మూ నా సిమ్మూ నడిచేది ఒకే కంపెనీ టవర్ల మీద. ఆయనది ఆ పెద్ద కంపెనీ సొంత పోస్ట్‌పెయిడ్ ప్లాన్, బిల్లు ఆఫీసు వాళ్లు కడతారు. నాది అదే టవర్లని వాడుకుని చవకగా అమ్మే రీసెల్లర్‌ది, ఆయన లైన్‌కి అయ్యేదాంట్లో సగం కూడా కట్టను, ఆ మిగులు చూపించి రెండేళ్లుగా ఇంట్లో కాలరెగరేసుకుని తిరుగుతున్నా. "టవర్ అదే అక్కా, పేరే వేరు" అని నాకు ఆ సిమ్ చూపించిన తమ్ముడు చెప్పాడు. అబద్ధం కాదది. కాకపోతే సగమే చెప్పాడు.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఈ రీసెల్లర్ల గోల కొత్తగా ఉండొచ్చు. 2008లో టాటా వాళ్ల నెట్‌వర్క్ మీద వర్జిన్ మొబైల్ అని వచ్చింది గుర్తుందా, మనకి ఎవరైనా కాల్ చేస్తే నిమిషానికి పది పైసలు మనకే ఇస్తామనేవాళ్లు, ఆ పైసల కోసం మా హాస్టల్లో "నువ్వే చెయ్యవే, నువ్వే చెయ్యి" అని ఒకటే బతిమాలాటలు. అలాంటిదే ఇది కూడా, కాకపోతే ఇక్కడ బాగా పెద్ద వ్యాపారం. దేశమంతా టవర్లున్న పెద్ద కంపెనీలు మూడు, వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. నాలుగోది స్ప్రింట్ 2020లో టీ-మొబైల్‌లో కలిసిపోయింది. వీళ్ల టవర్ల మీద డజన్ల కొద్దీ చవక పేర్లు. తమాషా ఏంటంటే ఆ చవక పేర్లలో బాగా వినిపించేవి చాలా మళ్లీ వీళ్లవే. విజిబుల్ వెరైజన్ సొంతం, ట్రాక్‌ఫోన్‌నీ దాని కింద ఉన్న స్ట్రెయిట్ టాక్‌నీ 2021లో వెరైజనే కొనేసింది, క్రికెట్ 2014 నుంచి ఏటీ అండ్ టీ వాళ్లది, మెట్రో టీ-మొబైల్‌ది, హీరో ర్యాన్ రేనాల్డ్స్ యాడ్లు చేసిన మింట్ కూడా 2024 మేలో టీ-మొబైల్ చేతికే వెళ్లింది. ఒకే షావుకారు మెయిన్ రోడ్డు మీద ఏసీ షోరూమూ, సంతలో గుట్టలు పోసి అమ్మే చీరల కొట్టూ రెండూ పెట్టుకున్నట్టు.

మన స్టూడెంట్లు దిగగానే చవక సిమ్మే ఎందుకు తీసుకుంటారంటే పోస్ట్‌పెయిడ్‌కి సోషల్ సెక్యూరిటీ నంబర్ అంటారు, క్రెడిట్ హిస్టరీ అంటారు, దిగిన వారానికి అవెక్కడివి. లేదంటే మనవాళ్ల ఫ్యామిలీ ప్లాన్ ఉండనే ఉంది, ఎవరో ఒక అన్న పేరు మీద అయిదారు లైన్లు, ఒకడు కాన్సాస్‌లో ఒకమ్మాయి న్యూజెర్సీలో, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుండరు, నెలనెలా జెల్‌లో డబ్బులు వెయ్యడమే చుట్టరికం. నవ్వుకుంటాం గానీ పోస్ట్‌పెయిడ్ తక్కువలో పడే దారి నిజంగా అదే, ఒంటి లైన్ తీసుకుంటే వాచిపోతుంది.

సరే అసలు విషయం. ఆ రాత్రి కూర్చుని చదివితే నాకు అర్థమైంది ఇది. తిరుమలలో మూడొందల టికెట్ లైను, సర్వదర్శనం లైను ఉంటాయి కదా. గుడి ఒకటే, స్వామి ఒక్కడే, లోపల హారతి కూడా ఒకటే. జనం పల్చగా ఉన్న రోజు ఎటు వెళ్లినా పెద్ద తేడా ఉండదు. రద్దీ రోజున మూడొందల వాళ్లు కదులుతూ ఉంటారు, సర్వదర్శనం వాళ్లు కంపార్ట్‌మెంట్లో కూర్చుని పాలూ ఉప్మా తింటూ గేటు ఎప్పుడు తీస్తారా అని చూస్తుంటారు. టవర్ కూడా అంతే. ఖాళీగా ఉంటే నా ఫోనూ ఆయన ఫోనూ ఒకే స్పీడు. కిక్కిరిస్తే ముందు ఆయన ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, వెళ్తాయి, తర్వాతే నావి. గేటు ముందు సర్వదర్శనం లైన్లో నిలబడి ఫోన్లో కూడా నేను సర్వదర్శనంలోనే ఉన్నానన్నమాట.

దీనికి టెక్నికల్‌గా క్యూసీఐ అని ఒక నంబర్ ఉంటుంది, ఎంత చిన్న అంకె అయితే డేటాలో అంత ముందు వరస. వెరైజన్, ఏటీ అండ్ టీల దగ్గర మామూలుగా ఖరీదైన ప్లాన్లు 8, చవకవి 9. టీ-మొబైల్ దగ్గర సొంత పోస్ట్‌పెయిడ్ 6, చాలా రీసెల్లర్లు 7. ఇక మామూలు వాయిస్ కాల్, అంటే వీఓఎల్‌టీఈ కాల్ ఉంది చూశారా, దానికి వేరే నంబర్, 1, ఎవరి సిమ్ అయినా అదే. అందుకే గుళ్లో నా కాల్ ఒక్క రింగుకే కలిసింది, వాట్సాప్ మాత్రం చచ్చిపడుంది. వాట్సాప్ కాల్ చేసినా కలిసేది కాదు ఎందుకంటే అది నెట్‌వర్క్ దృష్టిలో కాల్ కాదు, డేటా. మనవాళ్లు మామూలు కాల్ చెయ్యడమే మర్చిపోయారు కదా, జనంలో ఇరుక్కుంటే డయలర్ తెరిచి నంబర్ కొట్టండి. ఇంకో మాట, ఆ గీతలు చెప్పేది టవర్ నించి మనదాకా రేడియో ఎంత గట్టిగా వస్తోందనే, టవర్ దగ్గర ఎంతమంది మూగారన్నది గీతల్లో తెలీదు. బ్రేక్ దర్శనం కూడా ఉంది ఇందులో, పోలీసులకీ ఫైర్ వాళ్లకీ ఏటీ అండ్ టీ నడిపే ఫస్ట్‌నెట్ అని ఒకటి, అవసరమైతే మిగతావాళ్లని పక్కకి నెట్టేసి మరీ వాళ్లకి దారిస్తారు, దాని మీద నాకేం కుళ్లు లేదు.

రీసెల్లర్ అనగానే చివరి వరసే అని కూడా కాదు. విజిబుల్‌లో మామూలు ప్లాన్ కాకుండా ప్లస్ తీసుకుంటే ముందు వరస ఇస్తారు, యూఎస్ మొబైల్ అయితే మూడు పెద్ద కంపెనీల్లో ఏ టవర్లు కావాలో మనల్నే ఎంచుకోమంటుంది, వార్ప్ అంటే వెరైజన్, లైట్ స్పీడ్ అంటే టీ-మొబైల్, డార్క్ స్టార్ అంటే ఏటీ అండ్ టీ, పేర్లు వింటే మా చిన్నాడి వీడియో గేముల్లా ఉంటాయి. ప్లాన్ పేజీలో కింద చిన్న అక్షరాల్లో రద్దీ వేళల్లో స్పీడు తగ్గొచ్చు అనే అర్థంలో ఒక వాక్యం ఉందా లేదా చూడండి, ఉంటే అది సర్వదర్శనం.

ఇదంతా చదివాక ఊరుకోలేక నా ఫోన్లోనే రెండో లైన్‌గా పెద్ద కంపెనీ వాళ్ల ట్రయల్ ఈ-సిమ్ ఒకటి వేసుకుని రెండు వారాలు తిరిగా. ఇప్పుడు చాలామంది ఇలా ఫ్రీ ట్రయల్ ఇస్తున్నారు, నంబర్ మార్చక్కర్లేదు, సిమ్ పీకక్కర్లేదు. వైఫై ఆపేసి, ఒకే చోట నిలబడి, సెట్టింగ్స్‌లో డేటా లైన్ మార్చి మార్చి చూడ్డమే. రాత్రి పదింటికి ఇంటి ముందు రెండూ కవలపిల్లలు. స్కూల్ దగ్గర మూడింటికి పికప్ లైన్లో, అమ్మలందరం కార్లలో కూర్చుని రీల్స్ చూసే టైమ్‌లో, నాది బాగా కుంటింది. శనివారం హోల్‌సేల్ స్టోర్లో బియ్యం బస్తాల దగ్గర రెండూ చచ్చాయి, అక్కడ అసలు టవరే అందట్లేదు, క్యూ గురించి మాట్లాడ్డానికేం లేదు. మా ఆయన ఇదంతా చూసి "పీహెచ్‌డీ ఏమైనా చేస్తున్నావా" అన్నారు.

రద్దీ ఒక కథ అయితే ఖాళీ ఇంకో కథ. కిందటి థాంక్స్‌గివింగ్‌కి బిగ్ బెండ్ నేషనల్ పార్క్ వెళ్లాం. డల్లాస్ నించి ఐ-20 హైవే పట్టుకుని మిడ్‌ల్యాండ్, ఒడెస్సా దాటి, ఫోర్ట్ స్టాక్టన్ మీదుగా మారథాన్ అనే ఊరి దాకా, అక్కడ్నించి పార్కులో పాంథర్ జంక్షన్‌కి ఇంకో డెబ్భై మైళ్లు. ఫోర్ట్ స్టాక్టన్ దాటాక ఎక్కడో ఒకచోట నా ఫోన్లో గీతలు పోయి ఎస్ఓఎస్ అని వచ్చింది, ఆయన ఫోన్లో మాత్రం ఒక్క గీత, మ్యాప్ కదుల్తోంది. అదే కంపెనీ కదా అని మళ్లీ అనుమానం. ఇక్కడ సంగతి వేరే. పెద్ద కంపెనీకి తన టవర్ లేనిచోట వేరేవాళ్లతో రోమింగ్ ఒప్పందం ఉంటుంది, తన సొంత కస్టమర్ల కోసం ఆ డబ్బు కడుతుంది, రీసెల్లర్‌కి అమ్మినప్పుడు చాలాసార్లు ఆ రోమింగ్ ఇవ్వదు, ఇచ్చినా కొంచెమే ఇస్తుంది. ఐఫోన్‌లో ఎస్ఓఎస్ అని కనిపిస్తే టవర్ లేదని కాదు, టవర్ ఉంది గానీ మనది కాదు, ఎమర్జెన్సీ నంబర్ 911కి మాత్రం కలుపుతారు. మారథాన్ దాటాక చాలాదూరం ఆయనదీ పోయింది లెండి, ఇద్దరం సమానం, అక్కడ డౌన్‌లోడ్ చేసుకున్న ఆఫ్‌లైన్ మ్యాపే దిక్కు. మారథాన్‌లో పెట్రోలు కొట్టించుకోవడం ఎంత ముఖ్యమో అదీ అంతే.

మూడో సంగతి నాకు మావయ్యగారి వల్ల తెలిసింది. ఆర్నెల్లకి వచ్చారు కాబట్టి ఒక చవక ప్రీపెయిడ్ సిమ్ వేశాం ఆయన ఒంగోల్లో కొన్న ఫోన్లో, రెండో స్లాట్‌లో బ్యాంక్ ఓటీపీల కోసం అక్కడి సిమ్. హాల్లో కూర్చుంటే ఒక్క గీత రాదు, మాట్లాడాలంటే పెరట్లో కంచె దగ్గరికి వెళ్లి చలిలో శాలువా కప్పుకుని నిలబడేవారు. "అమ్మాయ్, మన పొలం గట్టు మీద కూడా ఇంతకంటే బాగా వస్తది" అన్నారు ఓ రోజు. నేనూ చవక సిమ్మే కారణం అనుకుని మార్చేద్దాం అనుకున్నా. ఊరికే చూద్దామని ఆ సిమ్‌ని డ్రాయర్లో పడున్న నా పాత ఐఫోన్లో వేశా, హాల్లో సోఫా మీదే రెండు గీతలు! అంటే సిమ్‌ది కాదు తప్పు, ఫోన్‌ది. ఇక్కడ గోడలు దాటి ఇంట్లోకి వచ్చేవి తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లు, టీ-మొబైల్‌కి 600 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 71, 700లో బ్యాండ్ 12, వెరైజన్‌కి బ్యాండ్ 13, ఇండియా కోసం చేసిన చాలా ఫోన్లలో ఇవి ఉండవు. మిగతా బ్యాండ్లు బయట బాగానే పనిచేస్తాయి, గోడ తగిలితే నీరసపడతాయి. ఏటీ అండ్ టీ టవర్లయితే ఇంకో మెలిక ఉంది, 2022 ఫిబ్రవరిలో 3జీ ఆపేశాక వాళ్ల జాబితాలో ఉన్న మోడళ్లకే కాల్స్ పనిచేస్తాయి, డేటా వచ్చి కాల్ వెళ్లదు, అమ్మానాన్నలు కంగారు పడతారు. టికెట్లు బుక్ చేసే రోజే వాళ్ల ఫోన్ ఐఎంఈఐ నంబర్, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్, తెప్పించుకుని కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూడండి, ఎయిర్‌పోర్ట్ నించి ఇంటికి తెచ్చాక చూడ్డం కాదు.

కవరేజ్ మ్యాపుల మాటకొస్తే, రంగు చూసి మురిసిపోకండి. ప్రభుత్వానిది, అంటే ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వాళ్ల బ్రాడ్‌బ్యాండ్ మ్యాప్ ఒకటుంది, మూడు కంపెనీలూ ఒకేచోట చూడొచ్చు, కానీ అది చెప్పేది ఆరుబయటో, కారులోనో వచ్చే సిగ్నల్ గురించే, ఇటుక ఇంట్లో వంటగది గురించి కాదు. నాకు పనికొచ్చిన చిట్కా ఏంటంటే పెద్ద కంపెనీ మ్యాపూ, దాని మీద నడిచే రీసెల్లర్ మ్యాపూ ఒకే ఊరికి తెచ్చి పక్కపక్కన పెట్టుకోవడం. టవర్ అదే అయినా ఒక మ్యాపులో లేతరంగు ఉన్నచోట ఇంకో మ్యాపులో తెల్లగా ఉంటే ఆ తెల్లమచ్చే నా బిగ్ బెండ్ రోడ్డు.

ఇంతా చేసి పెద్ద కంపెనీకి మారానా అంటే, లేదు. ఏడాదికి నేను పెద్ద జనంలో ఇరుక్కునేది ఎన్ని రోజులు, ఏకాదశి, దీపావళి మేళా, జులై నాలుగు, ఒకట్రెండు సినిమా ప్రీమియర్లు. వాటి కోసం నెలనెలా అంత పొయ్యడం నా వల్ల కాదు. అదే టవర్ల మీద ముందు వరస ఇచ్చే రీసెల్లర్ ప్లాన్‌కి పోర్ట్ అయ్యా, ముందుకంటే కొంచెం ఎక్కువ, ఆయనదానికంటే ఇంకా చాలా తక్కువ. రోజూ ఊరూరూ తిరిగే ఉద్యోగమైతే నా లెక్క వేరేగా ఉండేది. జూన్‌లో యెల్లోస్టోన్ అంటున్నారు పిల్లలు, వాయోమింగ్ రోడ్ల మీద ఆయన ఫోన్ దయాదాక్షిణ్యాల మీద ఉండటం ఇష్టం లేదు కాబట్టి ఆ నెలకి వేరే కంపెనీ టవర్ల మీద నడిచే ఈ-సిమ్ ఒకటి రెండో లైన్‌గా వేస్తా. రెండు మ్యాపులూ ఇప్పటికే ఓపెన్ చేసి పెట్టుకున్నా, అక్కడక్కడా ఇద్దరికీ తెల్లగానే ఉంది.