సెకండ్ హ్యాండ్ బీరువా, రెండు వారాంతాలు

దుప్పట్లు, స్వెటర్లు పెట్టడానికి చోటు లేక, ఎవరో వాడి అమ్మేసిన చెక్క బీరువా ఒకటి తెచ్చుకున్నా. "ఈ డొక్కుదా?" అన్నట్టు చూశారు ఇంట్లో అందరూ. పట్టించుకోలేదు.

రంగు వేయడం ఒక పూట పని అనుకున్నాను. ఆత్రం ఆగక ఒక తలుపుకి పాత వార్నిష్ మీదే పెయింట్ కొట్టేశా. మర్నాడు గోటితో గీకితే ఉల్లిపొరలా ఊడొచ్చింది! మళ్లీ మొదటి నుంచి. 120 నంబరు శాండ్‌పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, 220తో నున్నగా చేసి, దుమ్ము తుడిచి, ప్రైమర్ వేసి, అది ఆరాకే రంగు. అదీ పల్చగా రెండుసార్లు. ఒకేసారి మందంగా వేస్తే చారలు చారలుగా కారుతుంది (ఎడమ పక్క చూస్తే మీకే తెలుస్తుంది).

రెండో తలుపు ఒక పక్కకి వాలిపోయింది. బందు దగ్గర స్క్రూ రంధ్రం వదులైంది మరి. అగ్గిపుల్లల తలలు విరిచేసి, జిగురులో ముంచి అందులో కూరాను. ఆరాక స్క్రూ తిప్పితే కరకరమంటూ గట్టిగా పట్టేసింది. ఇన్ని పనుల్లో నాకు భలే తృప్తినిచ్చింది ఇదే, పెయింట్ కాదు.

లోపల వెనక చెక్కకి పూల వాల్‌పేపర్ అంటించా. తలుపు తీస్తేగానీ కనపడదు. మధ్యలో ఇంకో అర, తలుపు లోపలివైపు నాలుగు కొక్కేలు. ముందుకు ఒరగకుండా పైన గోడకి క్లాంపులు బిగించాను.

దుప్పట్లన్నీ పట్టేశాయి. కింది అరలో ప్రస్తుతానికి మిగిలిపోయిన రంగు డబ్బాలు ఉన్నాయి. వంటింటి స్టూలు నా వైపే చూస్తోంది.