నోటి వాసన భయంతో నా అనుభవం

తిరుపతిలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు చూసే ఉద్యోగం నాది. ఎదుటివారు ముక్కు రుద్దుకున్నా, ముఖం పక్కకు తిప్పుకున్నా అది నా నోటి దుర్వాసన వల్లేనన్న భయంతో కొన్నేళ్లు గడిపాను. జేబులో లవంగాలు లేకుండా గడప దాటేవాణ్ణి కాదు. తిరుమల బస్సులో కిటికీ పక్క సీటు దొరకకపోతే తరువాతి బస్సు కోసం నిలబడేవాణ్ణి. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో భుజం భుజం రాసుకుంటూ కూర్చోవలసి వస్తుందని చివరికి దర్శనానికి వెళ్లడమే మానుకున్నాను. తిరుపతిలో పుట్టి పెరిగిన మనిషికి ఇది చిన్న విషయం కాదు.

మొదట దంతవైద్యురాలిని కలిశాను. ఆమె చిగుళ్లు, నాలుక వెనుక భాగం పరీక్షించి, నన్ను కాసేపు నోరు మూసుకొని ఉండమని, తరువాత నెమ్మదిగా ఊపిరి వదలమని, దగ్గరగా వంగి స్వయంగా వాసన చూశారు. దుర్వాసన చాలావరకు నాలుక మీది పాచిలోనూ చిగుళ్ల సందుల్లోనూ ఉండే బాక్టీరియా విడుదల చేసే గంధక వాయువుల వల్ల పుడుతుందని, నా నోటిలో అటువంటి ఇబ్బంది ఏదీ లేదని చెప్పారు. ఆ ఊరట ఇల్లు చేరేదాకా కూడా నిలవలేదు. నన్ను నొప్పించలేక అలా అన్నారేమో, ఆ పూటకు తగ్గి ఉందేమో అనిపించి, రాత్రి మళ్లీ నా భార్యను నిజం చెప్పమని అడిగాను.

దంతవైద్యురాలి సలహా మీదనే రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ లేని వాసన ఉందని భయపడే ఈ బాధను ఓసీడీ (వద్దనుకున్నా ఒకే ఆలోచన పదేపదే వచ్చి, చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) కోవలోనే చేర్చిందని అక్కడి డాక్టరుగారు వివరించారు. ఎవరి ఊపిరి వాసన వారి ముక్కుకు సరిగా తెలియదు కనుక అరచేతిలోకి ఊది చూసుకున్నంత మాత్రాన అనుమానం తీరదని, పైగా ఆందోళనతో నోరు ఎండిపోయి చేదుగా తోస్తే దాన్నే రుజువుగా తీసుకుంటామని ఆయన చెప్పినప్పుడు, నా రోజంతా ఎవరో పక్కనుండి చూసి చెప్పినట్టు అనిపించింది.

డాక్టరుగారు రాసిన మాత్ర పనిచేయడానికి కొన్ని వారాలు పట్టింది. ఈలోగా భయాన్ని ఎదుర్కోవడానికి ఆయన నాకు వరుసగా కొన్ని పనులు అప్పజెప్పారు: ముందు లవంగాలు మానాలి, తరువాత చేయి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడాలి, ఆ పైన బస్సులో ఇద్దరి మధ్య కూర్చోవాలి. అన్నింటికన్నా కష్టమైనది ఇంట్లో జరిగింది. నేను అడిగిన ప్రతిసారీ నా భార్య, "దానికి జవాబు చెప్పనని డాక్టరుగారికి మాటిచ్చానండీ" అని కూర తరుగుకుంటూ ఉండిపోయేది. చేతులు చెమట పట్టేవి, గుండె దడదడలాడేది, లేచి అద్దం దగ్గరికి పోవాలనిపించేది. ఆమె పలకకపోయినా ఆ దడ దానంతటదే దిగిపోవడం చూశాక, వాసన లేదని ఎవరిచేతనైనా అనిపించుకోవాలన్న ఆరాటమే నా జబ్బును పెంచిందని అర్థమైంది.

ఇప్పటికీ ఎవరైనా ముక్కు తుడుచుకుంటే ఆ ఆలోచన వస్తుంది, కానీ మాట ఆపను. మాత్ర మోతాదును డాక్టరుగారే క్రమంగా తగ్గిస్తున్నారు. మానసిక వైద్యులు అందుబాటులో లేనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అయిన టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.