బెయిలొచ్చినా తెరుచుకోని జైలు గేటు

జైళ్లు బాగుచెయ్యాలా, అసలు తీసెయ్యాలా అని బెజవాడలో ఎవరిని కదిపినా శిక్ష పడ్డవాళ్లను తలుచుకునే మాట్లాడతారు. పెద్ద శిక్ష పడితే రాజమండ్రి సెంట్రల్ జైలుకి పంపేస్తారు. గాంధీనగర్‌ జైల్లోనైనా గుంటూరు జిల్లా జైల్లోనైనా మిగిలేది ఎక్కువగా రిమాండ్ ఖైదీలే. 2022 లెక్కల ప్రకారం దేశం మొత్తమ్మీద ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా నేరం రుజువు కానివాళ్లే.

వీళ్లలో బెయిలొచ్చీ బయటపడని వాళ్లుంటారు. "ఇద్దరు జామీనుదారులు, చెరో రూ.10,000" అని ఉత్తర్వులో ఉంటుంది. ఆ డబ్బు కట్టక్కర్లేదు, అంత ఆస్తి ఉన్నట్టు చూపాలి. జామీనుదారు ఆధార్, ఫొటో, తన పేరున ఉన్న ఇంటిపన్ను రసీదు పట్టుకుని మేజిస్ట్రేట్ ముందుకు రావాలి. అద్దె గదిలో ఉండే కూలీ బంధువుల్లో ఆ రసీదు ఎవరికుంటుంది? పొరుగు రాష్ట్రం నుంచి ఇటుక బట్టీకి వచ్చినవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. కిరాయి జామీనుదారులకు గిరాకీ ఇక్కడే. దొంగ రసీదని తేలితే బెయిలే పోతుంది. అంతా సవ్యంగా జరిగినా, రిలీజ్ ఆర్డర్ సాయంత్రం లాకప్ వేళ దాటి చేరితే ఇంకో రాత్రి లోపలే.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు దీనికి దారి చూపింది. బెయిల్ ఉత్తర్వు అదే రోజో మర్నాడో ఈమెయిల్లో జైలుకి చేరాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకి తెలపాలి. నెల దాటినా జామీను పెట్టలేకపోతే కోర్టే షరతులు సడలించవచ్చు.

సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలోని 479వ సెక్షన్ ఇంకో దారి. ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు రిమాండ్‌లోనే గడిపితే వదలాలి. ఇంట్లో దొంగతనానికి గరిష్ఠ శిక్ష ఏడేళ్లు, అందులో మూడో వంతంటే 2 సంవత్సరాల 4 నెలలు. యావజ్జీవం, ఉరి పడే నేరాలకు వర్తించదు. చిక్కంతా రెండో ఉపసెక్షన్‌తో: ఒకటికి మించి కేసులుంటే ఈ వెసులుబాటు లేదు. చిల్లర దొంగతనాల్లో పట్టుబడ్డవాడి మీద ఒక్క కేసుతో ఆగడం అరుదు.

జైళ్ల రద్దు వాదం నాకు అతిగానే తోస్తుంది. కానీ కొత్త బ్యారక్‌లు కట్టడమే సంస్కరణ అనేవాళ్లతో పోలిస్తే రద్దు కోరేవాళ్లే నయం.

మీకు తెలిసినవాళ్లెవరైనా లోపలుంటే ఎఫ్ఐఆర్ నంబరు, పోలీసు స్టేషన్, రిమాండ్ తేదీ రాసుకుని న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు.