బావగారి బెల్టు

ఆఫీసుకి నేను బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్‌లో కొవెంట్రీ వైపు వెళ్లే రైలెక్కుతాను. దారిలో ఇంటర్నేషనల్ స్టేషన్ వస్తుంది. ఒక పక్క ఎయిర్‌పోర్టు, ఇంకో పక్క ఎన్ఈసీ అనే పెద్ద ఎగ్జిబిషన్ సెంటరు. మనవాళ్లు ఎవరున్నా ఎయిర్‌పోర్టు వైపే చూస్తారు, వచ్చే నెల అమ్మావాళ్లు దిగేది అక్కడే కదా. నేను రెండో వైపు చూస్తాను. అక్కడున్న అరీనాకి పేర్లు చాలా మారాయి. 1997లో మాత్రం ఎన్ఈసీ అరీనానే. ఆ ఏడాది సెప్టెంబరు 20 రాత్రి అందులో బ్రిటిష్ బుల్‌డాగ్ అనే రెజ్లర్ ఓడిపోయాడు.

తెనాలిలో నాకది తెలిసేసరికి ఎన్ని నెలలు గడిచాయో. కేబుల్లో ఏది వస్తే అది చూసేవాళ్లం, ముందుదో వెనకదో తెలీదు. మిగతాదంతా రెజ్లర్ల బొమ్మలూ కొలతలూ ఉండే ట్రంప్ కార్డుల జ్ఞానమే. బుల్‌డాగ్ కార్డు నా చేతిలో ఉంటే బైసెప్స్ అడిగేవాణ్ణి, ర్యాంకు జోలికి పోయేవాణ్ణి కాదు.

అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పెట్టిన యూరోపియన్ టైటిల్ అంటే ఇప్పుడు పాత అభిమానులు కూడా నవ్వుతారు. నవ్వనివ్వండి. అది మొదలైన తీరు మాత్రం నవ్వులాట కాదు. 1997 ఫిబ్రవరి 26న బెర్లిన్‌లో టోర్నమెంటు ఫైనల్. ఒకడు బుల్‌డాగ్, అసలు పేరు డేవీ బాయ్ స్మిత్, ఇంగ్లండువాడు. ఎదురుగా ఓవెన్ హార్ట్, కెనడావాడు. ఇద్దరూ అప్పటికే జంటగా ట్యాగ్ టీమ్ చాంపియన్లు. పైగా ఓవెన్ అక్క డయానాని డేవీ పెళ్లి చేసుకున్నాడు. అంటే బావా బావమరిదీ! పెళ్లిళ్లలో మన బావామరుదుల వేళాకోళం చూసినవాళ్లకి ఆ మ్యాచ్ గురించి వేరే చెప్పక్కర్లేదు. సరదా ఎక్కడ ఆగిందో, పంతం ఎక్కడ మొదలైందో పట్టుకోలేం. బావ గెలిచాడు. ఎవరు గెలవాలో ముందే రాసిపెట్టుకుంటారని నాకూ తెలుసు. కానీ రాసినదాన్ని అలా ఆడి చూపించడం అందరివల్లా కాదు.

బెల్టు 206 రోజులు అతని దగ్గరే ఉంది. ఆ తర్వాత ఇంకెవరూ అన్నాళ్లు ఉంచుకోలేదు.

ఇక బర్మింగ్‌హామ్. ఆ షో పేరు వన్ నైట్ ఓన్లీ. అదే రాత్రి బ్రెట్ హార్ట్, అండర్‌టేకర్ అసలు ప్రపంచ టైటిల్ కోసం తలపడ్డారు. అయినా చివరి మ్యాచ్ అది కాదు. ఆ గౌరవం యూరోపియన్ బెల్టుకి ఇచ్చారు. సొంత జనం ముందు డేవీ, అతని మీదకి షాన్ మైకేల్స్. క్యాన్సర్‌తో ఉన్న సోదరి ట్రేసీకి ఈ గెలుపు అంకితమని డేవీ చెప్పుకున్నాడు. భార్య రింగు పక్కనే కూర్చుంది. ఇంత చేశాక ఎవరైనా ఏమనుకుంటారు? షాన్ వైపు మాత్రం అతని ముఠావాళ్లు ట్రిపుల్ హెచ్, చైనా, రిక్ రూడ్ ఒక్కొక్కరే వచ్చి చేరారు. డేవీ మోకాలు పట్టేసి మెలితిప్పారు. అతను ఓటమి ఒప్పుకోలేదు, రిఫరీయే ఆపేశాడు. డేవీనే గెలవాల్సిందని, చివర్లో మార్చేశారని తర్వాత చాలామంది చెప్పుకున్నారు.

మా ఆఫీసులో కాఫీ మిషన్లు నింపే ఆయన ఆ రోజు నాన్నతో కలిసి అక్కడే ఉన్నాడట. అప్పటికి పదకొండేళ్లు. ఇంటికెళ్లేదాకా కార్లో నాన్న రేడియో కూడా పెట్టలేదట. అంతకంటే ఏమీ చెప్పలేదు. పాల పొడి డబ్బా మూత బిగించి, కింద పడ్డ పొడి గుడ్డతో తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

నవంబరులో మాంట్రియల్‌లో షాన్ ప్రపంచ టైటిల్ కూడా పట్టుకుపోయాడు. ఇక ఈ చిన్న బెల్టెందుకు? డిసెంబరులో ట్రిపుల్ హెచ్‌తో మ్యాచ్ పెడితే షాన్ తనే వెల్లకిలా పడుకున్నాడు. వాడేమో తాళ్ల మధ్య అటూ ఇటూ పరుగెత్తి, మీద పడి మూడు లెక్క పెట్టించుకున్నాడు. షాన్ దొంగ ఏడుపు. నేనప్పుడు పడీపడీ నవ్వాను. ఇప్పుడు చూస్తే చిరాకేస్తుంది.

అక్కడి నుంచి కథ జారుడే. జనవరిలో ట్రిపుల్ హెచ్ వేషంలో వచ్చిన గోల్డస్ట్‌ని ఓడించి, ఓవెన్ చాంపియన్ అయ్యాడు. అమెరికావాడైన డీలో బ్రౌన్‌ని ఒకసారి లిస్బన్‌వాడని, ఇంకోసారి హెల్సింకివాడని పరిచయం చేసేవారు. ఆ జోకు మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టమే. కంపెనీ యజమాని కొడుకు షేన్ మెక్‌మాన్ ఓడకుండానే రిటైర్ చేస్తున్నానని 1999లో బెల్టుని సంచిలో పడేశాడు, మిడియన్ అనే ఆయనకి ఆ సంచిలో దొరికితే చాంపియన్ అయిపోయాడు. దొరికినవాడిదే బెల్టు! కర్ట్ యాంగిల్ గతి మరీ ఘోరం. ఏటా జరిగే పెద్ద షో రెజిల్‌మేనియాలో, 2000లో, ముగ్గురి పోరులో అతన్ని ఎవరూ పిన్ చేయకుండానే, అంటే కింద అదిమి మూడు లెక్క పెట్టించకుండానే, యూరోపియన్, ఇంటర్‌కాంటినెంటల్ బెల్టులు రెండూ పోయాయి.

యూరప్ పేరున్న ఈ బెల్టుని పట్టుకున్నవాళ్లలో యూరప్‌లో పుట్టింది ఇద్దరే, బుల్‌డాగ్ ఒకడు, విలియం రీగల్ ఒకడు. ఇద్దరూ ఇంగ్లండువాళ్లే.

ఓవెన్ 1999 మేలో కాన్సాస్ సిటీ అరీనాలో పైనుంచి రింగులోకి దింపుతుండగా పడి చనిపోయాడు. డేవీ 2002 మే 18న పోయాడు, 39 ఏళ్లకే. రెండు నెలలు దాటగానే, జులై 22న మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో పైన వేలాడే బెల్టుని నిచ్చెనెక్కి అందుకునే మ్యాచ్ పెట్టి, జెఫ్ హార్డీ మీద రాబ్ వాన్ డామ్‌ని గెలిపించి, ఈ టైటిల్‌ని ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్‌లో కలిపేశారు. బెర్లిన్‌లో ఆడిన ఇద్దరిలో అది చూడ్డానికి ఒక్కరూ మిగల్లేదు.