శాంతతా కమిటీ మీటింగు

గణపతి పండుగ ముందు మహారాష్ట్రలోని మా బల్లార్షాలో పోలీసులు శాంతతా కమిటీ, అంటే శాంతి సంఘం, మీటింగు పెడతారు. ఈసారి మన తెలుగువాళ్ల మండపం తరఫున నేను వెళ్లాను. బొగ్గు గనులకీ పేపర్ మిల్లుకీ వచ్చి స్థిరపడ్డ ఊరు కదా, ఆ గదిలో మరాఠీ, ఉర్దూ, తెలుగు, హిందీ అన్నీ వినబడ్డాయి.

సగం సేపు దండలు, ఫొటోలే. అసలు మాట చాయ్ దగ్గర మొదలైంది. "భయ్యా, మీ ఊరేగింపు మసీదు ముందుకి ఎన్నింటికి వస్తుంది?" అని ఒక చాచా అడిగారు. నమాజు టైము చెప్పారు, మేం అరగంట వెనక్కి జరిపాం. ఇన్‌స్పెక్టర్ గారు రాసుకున్నారంతే.

ఇది మన రాష్ట్రంలో కొత్తేమీ కాదు. 1984లో అల్లర్లతో కాలిన భివండీలో తర్వాత సురేష్ ఖోపడే అనే పోలీసు అధికారి మొహల్లా కమిటీలు పెట్టించారు. హిందువులు, ముస్లింలు, బీటు పోలీసు ఒకేచోట కూర్చునేవారు. 1992-93లో ముంబై మండినా పక్కనే ఉన్న భివండీ ప్రశాంతంగా ఉంది. 2023లో నిమజ్జనం, మిలాద్ రెండూ సెప్టెంబరు 28నే పడితే చాలాచోట్ల ముస్లిం పెద్దలే ఊరేగింపు మర్నాటికి మార్చుకున్నారు. సర్కారు సెలవు కూడా 29కి మారింది.

నాకు నచ్చనిది ఒకటుంది. వచ్చినవాళ్లంతా నెరిసిన తలలే, ఆడవాళ్లు ఇద్దరో ముగ్గురో. డీజే పెట్టే కుర్రాళ్లు ఒక్కరూ లేరు. టెన్షన్ వచ్చేదే వాళ్ల దగ్గర! వచ్చే మీటింగుకి మీరే వెళ్లండ్రా అని మండపంలో అన్నాను. ఇంతవరకు ఎవడూ చెయ్యెత్తలేదు.